గరిటె ఏ పక్క, కర్ర ఏ పక్క: రోమన్ వెండి దేనారాల్లో తేడాలు ఎలా చూడాలి

రోమన్ నాణేలు సేకరించడం మొదలుపెట్టినవాళ్లలో చాలామంది చేతికి ముందుగా వచ్చే వెండి నాణెం, అంటే దేనారం, అగస్టస్ చక్రవర్తిది. బొమ్మ వైపు లారెల్ ఆకుల దండ పెట్టుకున్న అగస్టస్ తల ఉంటుంది. బొరుసు వైపు ఇద్దరు కుర్రవాళ్లు టోగాలు కప్పుకుని మనవైపే చూస్తూ నిలబడి ఉంటారు, ఇద్దరి మధ్యా నేలకి ఆనించిన రెండు గుండ్రటి డాళ్లు, వాటి వెనక రెండు ఈటెలు. వాళ్లు గైయస్, లూసియస్. అగస్టస్ కూతురు జూలియా కొడుకులు. క్రీ.పూ. 17లో తాతే వాళ్లని దత్తత తీసుకుని వారసులుగా పెంచాడు. ఈ నాణెం నేటి ఫ్రాన్స్‌లోని లియాన్ టంకశాలలో, అప్పటి పేరు లుగ్దునుమ్, క్రీ.పూ. 2 నుంచి కొన్నేళ్ల పాటు లక్షల్లో తయారైంది.

ఆ ఇద్దరి తలల మధ్య ఉన్న కాస్త ఖాళీ జాగాలో రెండు బుల్లి వస్తువులు ఉంటాయి. ఒకటి నిలువు కాడ ఉన్న గరిటె, దేవుడికి ద్రాక్షసారాయి ధారపోయడానికి వాడేది. రెండోది పైకొన చుట్టలా మెలితిరిగిన కర్ర, పక్షుల్ని చూసి శకునం చెప్పే పూజారులు పట్టుకునేది. గైయస్ ఒక పూజారి వర్గంలో, లూసియస్ మరో వర్గంలో ఉండేవాళ్లు కాబట్టి గరిటె అన్న గైయస్‌ది, కర్ర తమ్ముడు లూసియస్‌ది. ఇప్పుడు ఇలాంటివే ఓ పది నాణేలు పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూడండి. కొన్నిటి మీద గరిటె ఎడమ పక్క, కర్ర కుడి పక్క ఉంటాయి. కొన్నిటి మీద తారుమారు. కొన్నిటి మీద కర్ర మెలిక లోపలికి తిరిగి ఉంటుంది, కొన్నిటి మీద బయటికి. కొన్ని నాణేల మీద ఇవన్నీ కాక ఎక్స్ అక్షరం ఒకటి అదనంగా చెక్కి ఉంటుంది, అది ఎందుకు పెట్టారన్న దాని మీద పండితులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు.

సేకరణ నిజంగా మొదలయ్యేది ఇక్కడే. ఒక్కో చక్రవర్తిది ఒక్కో నాణెం కొని ఆల్బంలో వరసగా పెట్టుకోవడంలో తప్పేమీ లేదు, చాలామంది చేసేది అదే. కానీ అలా పోగుచేసిన నాణేలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఒకే నమూనాలో ఉన్న పది నాణేలు మాట్లాడతాయి. ఇక్కడ గరిటె ఎందుకు పక్క మారింది, ఇక్కడ అక్షరం ఎందుకు పెరిగింది అని అడగడం మొదలుపెడితే రెండు వేల ఏళ్ల కిందటి ఒక టంకశాలలో పని ఎలా జరిగిందో కొద్దికొద్దిగా కనబడుతుంది, అది పుస్తకంలో చదివి తెలుసుకున్న దానికంటే బాగా గుర్తుంటుంది కూడా.

ముందు ఈ నాణెం సంగతి. దేనారం క్రీ.పూ. 211 ప్రాంతంలో పుట్టింది. కార్తేజ్ సేనాని హన్నిబాల్‌తో యుద్ధం నడుస్తోంది, రోమ్ ఖజానా ఖాళీ అయింది, పాత నాణేల మీద జనానికి నమ్మకం పోయింది. అప్పుడు మొత్తం పద్ధతిని కొత్తగా మొదలుపెట్టి ఒక రోమన్ పౌను వెండికి 72 చొప్పున దేనారాలు కొట్టారు, అంటే ఒక్కోటి సుమారు నాలుగున్నర గ్రాములు. కొన్నేళ్లకే పౌనుకి 84కి దించారు, సుమారు 3.9 గ్రాములు. మన తులంలో మూడో వంతు అనుకుంటే సరిపోతుంది. ఒక దేనారానికి పది 'అస్' అనే కంచు నాణేలు వచ్చేవి, అందుకే బొమ్మ వైపు శిరస్త్రాణం పెట్టుకున్న రోమా దేవత తల వెనక పది అంకె ఉంటుంది. తర్వాత క్రీ.పూ. 141 ప్రాంతంలో దాన్ని పదహారు అస్‌లకి పెంచారు, కొద్దికాలం నాణెం మీద పదహారు అనే వేశారు కూడా. మరి తర్వాత మళ్లీ పాత పది గుర్తే తిరిగొచ్చింది, విలువ మాత్రం పదహారే. పేరులో ఉన్న పది జనం నోట్లోంచి పోలేదు.

పేరు ప్రయాణం తెలుగువాళ్లకి కొత్తేమీ కాదు. తెలుగు బైబిల్లో పన్ను కట్టవచ్చా లేదా అని అడిగినప్పుడు తెచ్చి చూపించమన్నది 'దేనారము'. గ్రీకు నోట్లో అది దేనారియోన్ అయింది, సంస్కృతంలోకి వచ్చి దీనారం అయింది. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు శాసనం ఒకదానిలో, ఉజ్జయిని నుంచి వచ్చిన మహాదేవి రుద్రధర భట్టారిక ఒక స్తంభం కోసం 170 'దీనారి మాషకాలు' ఇచ్చినట్టు ఉంది. చాలా తర్వాత శ్రీనాథుడు తనకి స్నానం చేయించారని గర్వంగా చెప్పుకున్న దీనార టంకాల్లో కూడా ఆ పేరే. ఆ నాటికి వస్తువు పూర్తిగా మారిపోయింది, రోమ్ లేదు, వెండి కూడా కాదు. మాట మాత్రం నిలబడింది.

ఇప్పుడు తయారీ. ఇది తెలియకపోతే తేడాలు అర్థం కావు. దీన్ని ఒక దేనారమే చూపిస్తుంది: క్రీ.పూ. 46లో తీతస్ కరీసియస్ అనే అధికారి వేయించిన నాణెం. బొమ్మ వైపు మొనేతా దేవత తల, పక్కన ఆమె పేరు. రోమ్ టంకశాల జూనో మొనేతా గుడి దగ్గర ఉండేది, ఇంగ్లిష్‌లో మనీ, మింట్ అనే మాటలు రెండూ అక్కడి నుంచి వచ్చినవే. బొరుసు వైపు టంకశాల పనిముట్లే ఉంటాయి: కింద దిమ్మలో బిగించే అచ్చు, దాని మీద పై అచ్చు, ఎడమ పక్క పట్టకారు, కుడి పక్క సుత్తి, చుట్టూ ఆకుల దండ. నాణెం తయారయ్యే పద్ధతి నాణెం మీదే చెక్కి ఉన్న సందర్భాలు చాలా తక్కువ, చూడగలిగితే దీన్ని తప్పకుండా చూడాలి.

పద్ధతి ఇలా ఉండేది. కింది అచ్చు దిమ్మలో కదలకుండా ఉంటుంది, దాని మీద సాధారణంగా బొమ్మ చెక్కి ఉంటుంది. వేడిచేసిన వెండి బిళ్లని పట్టకారుతో తెచ్చి దాని మీద పెడతారు. పై అచ్చుని చేత్తో పట్టుకుని బిళ్ల మీద నిలబెడితే సుత్తి దెబ్బ పడుతుంది. అంతే, నాణెం. దెబ్బ నేరుగా తగిలేది పై అచ్చుకి కాబట్టి అది తొందరగా అరిగిపోయి పగిలిపోయేది, దాని బదులు ఇంకోటి చెక్కేవాళ్లు. కింది అచ్చు ఇంకా బాగానే ఉంటుంది. అందువల్ల ఒకే బొమ్మ అచ్చుకి మూడు నాలుగు బొరుసు అచ్చులు జతపడిన నాణేలు దొరుకుతాయి. అచ్చులో పడిన ఒక చిన్న బీట ఒక నాణెం మీద సన్నటి గీతలా, మరో నాణెం మీద లావుపాటి గీతలా కనబడితే ఏది ముందు కొట్టారో, ఏది తర్వాతో చెప్పొచ్చు. గొలుసు లింకుల్లా ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటూ పోవచ్చు. తేదీ వేయని నాణేలకి వరస పెట్టింది ఇలాగే.

ప్రతి అచ్చూ చేత్తో చెక్కినదే. ఇదే అసలు విషయం. చెక్కేవాడు ముందున్న అచ్చుని చూసి కొత్తది చెక్కుతాడు, చూసి రాసిన అక్షరం ఎంత జాగ్రత్తగా రాసినా కొంచెం తేడా వస్తుంది కదా, అలాగే ఇక్కడా. గైయస్, లూసియస్ నాణెం మీద గరిటె పక్క మారడంలో కొంత ఇలా వచ్చిందే ఉండొచ్చు, కొంత కావాలని చేసిందీ ఉండొచ్చు. ఈ రెండిటిని విడదీయడమే ఈ పనిలో కష్టమైనదీ, ఇష్టమైనదీ.

కావాలని చేసిన తేడాలు చూడాలంటే చక్రవర్తులు రాకముందటి గణతంత్ర కాలపు నాణేలకి సాటి లేదు. మొదట్లో అందరిదీ ఒకటే నమూనా: రోమా తల, బొరుసు వైపు గుర్రాల మీద ఇద్దరు కవల దేవతలు. టంకశాల బాధ్యత ఏటా ముగ్గురు కుర్ర అధికారుల చేతిలో ఉండేది, రాజకీయాల్లో పైకి రావాలనుకునే పెద్ద కుటుంబాల పిల్లలు. వాళ్లు మొదట తమ పేరు పొట్టి చేసి వేసుకున్నారు, తర్వాత రెండు గుర్రాల రథం, నాలుగు గుర్రాల రథం, ఇక క్రీ.పూ. 130ల నుంచి తమ తాతముత్తాతల ఘనకార్యాలు. ఎవరి వంశంలో యుద్ధం గెలిచినవాడు ఉంటే ఆ యుద్ధం, ఎవరి వంశంలో గుడి కట్టినవాడు ఉంటే ఆ గుడి. పేరు పట్టుకుని చూస్తే ఆ కుటుంబానికి జనంలో ఏం గుర్తుచేయాలని ఉందో తెలిసిపోతుంది.

క్రీ.పూ. 90లో లూసియస్ పీసో ఫ్రూగీ వేయించిన దేనారం ఈ సేకరణలో ఒక పెద్ద సముద్రం. అప్పుడు రోమ్ మీద ఇటలీలోని మిత్రులే తిరగబడ్డారు, సైన్యానికి జీతాలు ఇవ్వడానికి విపరీతంగా నాణేలు కావలసి వచ్చాయి. తిరగబడినవాళ్లు కూడా సొంత దేనారాలు వేసుకున్నారు, వాటిలో ఒకదాని మీద ఇటలీ ఎద్దు రోమ్ తోడేలుని కొమ్ములతో కుమ్ముతూ ఉంటుంది. పీసో నాణెం బొమ్మ వైపు అపోలో తల, బొరుసు వైపు గుర్రాన్ని దౌడు తీయిస్తున్న రౌతు. రౌతు చేతిలో ఒకసారి తాటాకు మట్ట, ఒకసారి కాగడా, ఒకసారి కొరడా. పైన, కింద, తల వెనక ఎక్కడ పడితే అక్కడ అక్షరాలు, అంకెలు, చిన్న బొమ్మలు. ఇవి ఏ అచ్చు ఏదో లెక్క తెలియడానికి టంకశాల పెట్టుకున్న గుర్తులు. వందల అచ్చులు, వందల గుర్తులు. ఈ ఒక్క నమూనా మీదే జీవితమంతా సేకరించేవాళ్లు ఉన్నారు, అయినా పూర్తికాదు.

అంతకంటే ముచ్చటైనది క్రీ.పూ. 79 నాటి లూసియస్ పాపియస్ దేనారం. బొమ్మ వైపు మేకతోలు తల మీంచి కప్పుకున్న జూనో దేవత, ఆమె వెనక ఒక చిన్న వస్తువు. బొరుసు వైపు ఉరుకుతున్న గ్రిఫిన్, అంటే గద్ద తల, సింహం ఒళ్లు ఉన్న జంతువు, దాని దగ్గర ఇంకో చిన్న వస్తువు. ఈ రెండు వస్తువులు జతలు. ఎక్కువ జతల్లో ఒకదానికీ మరోదానికీ ఏదో చుట్టరికం ఉంటుంది, ఒకే పనికి వాడేవో, ఒకే జాతివో. రెండు వందలకి పైగా జతలు ఉన్నాయి, ఒక్కో జతకి ఒక్కటే బొమ్మ అచ్చు, ఒక్కటే బొరుసు అచ్చు. అంటే ఈ నాణెం మీద గుర్తు చూసి ఏ అచ్చు జతలోంచి వచ్చిందో వేలు పెట్టి చెప్పొచ్చు. పైగా ఆ గుర్తులు దేవుళ్లు, రాజులు కారు. వడ్రంగి పనిముట్లు, వంట పాత్రలు, పిట్టలు, పడవ సామాను. మామూలు రోమన్ ఇంట్లో, కొట్లో, రేవులో ఏం ఉండేవో గోరంత బొమ్మల్లో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు. లూసియస్ రోస్కియస్ ఫబాతుస్ వేయించిన దేనారం కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది. దాని బొరుసు మీద ఒక అమ్మాయి పాముకి ఆహారం పెడుతూ ఉంటుంది, రోమ్ దగ్గర లనువియుమ్ ఊళ్లో ఏటా జరిగే తంతు అది.

ఈ రెండు నాణేల అంచు చుట్టూ రంపపు పళ్లలా గాట్లు కూడా ఉంటాయి. లోపల రాగి పెట్టి పైన వెండి రేకు తొడిగిన దొంగ నాణేలు అప్పుడు బాగా తిరిగేవి కాబట్టి లోపల కూడా వెండే అని చూపించడానికి గాట్లు పెట్టారని చాలాకాలం చెప్పుకున్నారు. కానీ గాట్లు పెట్టిన నాణేల్లో కూడా రాగి మీద వెండి తొడిగినవి దొరికాయి, కాబట్టి ఆ కారణం పూర్తిగా నిలబడదు. జర్మన్ తెగలు మాత్రం గాట్లు ఉన్నవీ, రెండు గుర్రాల రథం ఉన్నవీ అయితేనే నమ్మి తీసుకునేవాళ్లని క్రీ.శ. 98లో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. అప్పటికే అవి నూట యాభై ఏళ్ల పాత నాణేలు.

మాటల్లో వచ్చే తేడాలకి జూలియస్ సీజర్ నాణేలు చూడాలి. క్రీ.పూ. 49 నాటి ఏనుగు దేనారం అందరికీ తెలిసిందే, మీద సీజర్ అన్న పేరు తప్ప ముఖం లేదు. బతికున్న రోమన్ ముఖం రోమ్ నాణెం మీద వేయడం అప్పటిదాకా లేని పని. క్రీ.పూ. 44 మొదట్లో ఆ గీత చెరిగిపోయింది. ఆ రెండు మూడు నెలల్లోనే నాణెం మీద బిరుదు మారిపోతూ వచ్చింది: ఒకదాని మీద 'నాలుగోసారి నియంత', ఇంకోదాని మీద ఉత్త 'సేనాపతి', మరోదాని మీద 'శాశ్వత నియంత'. శాశ్వతం అన్న మాట నాణెం మీద కనబడిన కొద్ది వారాలకే, మార్చి 15న, అతన్ని పొడిచి చంపారు. ముఖం దాదాపు ఒకటే, చుట్టూ ఉన్న అక్షరాలే కథంతా నడుపుతాయి. రెండేళ్లకి, చంపినవాళ్లలో ఒకడైన బ్రూటస్ తన నాణెం మీద రెండు బాకులు, మధ్యలో విడుదలైన బానిసలు పెట్టుకునే టోపీ వేసి కింద 'ఈద్ మార్' అని ఆ తేదీనే రాయించాడు. ఇది కొనగలిగేవాళ్లు ప్రపంచంలో చాలా కొద్దిమంది, మిగిలినవాళ్లు మ్యూజియంలో చూసి తృప్తిపడాల్సిందే.

కొనగలిగే వాటిలో సీజర్ సేనాని మార్క్ ఆంటోనీ సైనిక దేనారాలు మంచివి. యాక్టియం యుద్ధానికి ముందు, క్రీ.పూ. 32, 31లో తన సైన్యం జీతాల కోసం వేయించాడు. ఒక పక్క తెడ్లున్న యుద్ధనౌక, రెండో పక్క గద్ద, దానికి అటూ ఇటూ సైనిక పతాకాలు, కింద దళం అంకె. అంకె ఒక్కటే మారుతుంది, అన్ని దళాలవీ పోగుచేయాలన్న కోరిక మాత్రం వదలదు. వీటిలో వెండి మిగతా వాటికంటే తక్కువ. అందుకే జనం మంచి వెండి నాణేలు దాచుకుని వీటిని ఖర్చుపెట్టేశారు, దాదాపు రెండు వందల ఏళ్లు ఇవి చేతులు మారుతూనే ఉన్నాయి. ఇప్పుడు దొరికేవాటిలో చాలావరకు నున్నగా అరిగిపోయి, దళం అంకె వేలితో తడిమి వెతుక్కునేలా ఉంటాయి.

ఇక అగస్టస్ తర్వాతి చక్రవర్తి తిబేరియస్. క్రీ.శ. 14 నుంచి 37 వరకు పాలించాడు, ఆ కాలమంతా లుగ్దునుమ్ టంకశాల దాదాపు ఒక్కటే దేనారం కొట్టింది. బొరుసు వైపు కుర్చీలో కూర్చున్న ఒక స్త్రీ, ఒక చేతిలో పొడుగు దండం, ఇంకో చేతిలో ఆలివ్ కొమ్మ, అటూ ఇటూ 'పాంటిఫ్ మాక్సిమ్', ప్రధాన పూజారి అని. ఆమె తిబేరియస్ తల్లి లివియా అని చాలామంది అంటారు, శాంతి దేవత అని కొందరు. యేసు చూపించమన్న దేనారం ఇదే అయి ఉంటుందని ఒక నమ్మకం ఉంది కాబట్టి దీని ధర దీని అరుదుతనంతో పొంతన లేకుండా ఎక్కువ పలుకుతుంది. మార్పు లేని నాణెంలా కనిపిస్తుంది కానీ కుర్చీ కాళ్లు చూడండి. కొన్నిటి మీద సాదా కాళ్లు, కొన్నిటి మీద కడ్డీలు తిప్పినట్టు నగిషీ కాళ్లు. కాళ్ల కింద కొన్నిటికి ఒకే గీత, కొన్నిటికి రెండు గీతలు. చేతిలోది కొన్నిటి మీద రాజదండం, కొన్నిటి మీద తలకిందులుగా పట్టుకున్న ఈటె. పాతికేళ్ల పాటు మారని నాణేన్ని తొలినాటివి, నడిమివి, చివరివి అని విడదీసింది ఈ కుర్చీ కాళ్ల ఆధారంగానే.

దక్షిణ భారతంలో దొరికిన రోమన్ వెండిలో సింహభాగం ఈ రెండు నమూనాలదే, గైయస్ లూసియస్‌ది, తిబేరియస్ కుర్చీది. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో ఒక్కచోటే 1,500కి పైగా దేనారాలు బయటపడ్డాయి, ఎక్కువ ఈ ఇద్దరివే. శాతవాహనుల నాటి ఊరు పెద్దబొంకూరు తవ్వకాల్లో కూడా ఇవి కనిపించాయి. ఏటా 5 కోట్ల సెస్టర్షియస్‌లు ఇండియాకి పోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ రాసుకున్నాడు. నాలుగు సెస్టర్షియస్‌లు ఒక దేనారం కాబట్టి అది కోటి పాతిక లక్షల దేనారాల విలువ. అంకె పెంచి చెప్పాడేమో అన్న అనుమానం చాలామందికి ఉంది, మిరియాలు, ముత్యాలు, నూలు బట్టల కోసం డబ్బు ఇటు వచ్చిందన్నదాంట్లో మాత్రం ఎవరికీ అనుమానం లేదు.

మరి తర్వాతి చక్రవర్తుల వెండి ఇక్కడ ఎందుకు అంత కనబడదు? క్రీ.శ. 64లో నీరో పౌనుకి 84 ఉన్న దేనారాలని 96 చేశాడు, పైగా వెండిలో రాగి బాగా కలిపాడు. దాదాపు స్వచ్ఛమైన వెండి కాస్తా ఎనభై శాతం దగ్గరికి పడిపోయింది. మన రేవుల్లో వర్తకులు తూచి, గీటురాయి మీద గీసి తీసుకునేవాళ్లు, ముఖం చూసి కాదు. పాత నాణెం మేలిమి వాళ్లకి తెలుసు. ప్లినీయే చెప్పిన ఇంకో ముచ్చట ఉంది. క్లాడియస్ కాలంలో ఒక రోమన్ పన్నుల గుత్తేదారు మనిషి గాలికి కొట్టుకుపోయి లంకలో తేలాడు. అతని దగ్గరున్న దేనారాలు చూసి లంక రాజు ఆశ్చర్యపోయాడట, వేర్వేరు మనుషుల ముఖాలు ఉన్నా బరువు మాత్రం అన్నిటిదీ ఒకటే అని. రోమ్ మీద అతనికి గౌరవం కలిగింది ముఖాల వల్ల కాదు, ఆ బరువు వల్ల.

ఇక్కడ దొరికిన వాటిలో ఇక్కడే కొట్టిన నకళ్లు కూడా ఉన్నాయి. అగస్టస్ ముఖం మొరటుగా, ఇద్దరు కుర్రవాళ్లు కట్టెపుల్లల్లా, చుట్టూ లాటిన్ అక్షరాల బదులు గీతలు, సున్నాలు. చెక్కినవాడికి ఆ లిపి రాదు, ఆకారం మాత్రం గుర్తుంది. ఇవి మోసం చేయడానికే చేశారా, లేక అసలు నాణేలు చాలక వాడుక కోసం కొట్టుకున్నారా అనేది వెండి ఎంత ఉందో చూసి ఒక్కోదానికీ వేరుగా తేల్చుకోవాలి. చాలా నకళ్లలో మంచి వెండే ఉంది. బంగారు రోమన్ నాణేల మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో పెట్టిన గాటు ఒకటి దక్షిణాదిలో తరచుగా కనిపిస్తుంది, వెండి మీద అలాంటిది తక్కువ, వాటి మీద ఉండేవి వర్తకులు కొట్టిన బుల్లి ముద్రలు. యూరప్ వేలాల్లో ఇలాంటి ముద్రలు ఉంటే నాణెం పాడైందని ధర తగ్గిస్తారు. కానీ ఆ నాణెం సముద్రం దాటి వచ్చి ఏ చేతుల్లో నలిగిందో చెప్పే ఒకే ఒక్క సాక్ష్యం ఆ ముద్ర.

తర్వాతి రెండు వందల ఏళ్లలో వెండి కరిగిపోయిన కథ ఒక్క మాటలో చెప్పొచ్చు. సెప్టీమియస్ సెవెరస్ కాలానికి సగం రాగి, 215లో కారకల్లా రెండు దేనారాల విలువ అంటూ ఒకటిన్నర దేనారం బరువున్న కొత్త నాణెం తెచ్చాడు, 260ల చివరికి అందులో వెండి రెండు మూడు శాతం మిగిలింది. చక్రవర్తి తల మీద సూర్యకిరణాల కిరీటం ఉంటే అది ఈ కొత్త నాణెం, ఆకుల దండ ఉంటే దేనారం. సేకరించేవాళ్లకి ఇందులో ఆనందం కలిగించేది 248 నాటి ఫిలిప్ చక్రవర్తి నాణేలు. రోమ్ పుట్టి వెయ్యేళ్లయిందని ఉత్సవాలు చేసి, వాటిలో చూపించిన జంతువుల్ని నాణేల మీద వేశారు: సింహం, తోడేలు, దుప్పి, నీటిగుర్రం ఇలా. కింద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు, టంకశాలలో ఏ విభాగం కొట్టిందో చెప్పేవి. సింహం మొదటి విభాగానిది, రాణి ఒతాసీలియా పేరుతో వచ్చిన నీటిగుర్రం నాలుగో విభాగానిది. తక్కువ ఖర్చులో ఒక పూర్తి వరస పోగుచేసుకోవాలంటే ఇది మంచి దారి.

పొరపాట్లు కూడా ఒక రకం తేడాలే. కొట్టిన నాణెం ఒక్కోసారి పై అచ్చుకి అతుక్కుని ఉండిపోతుంది. పనివాడు గమనించక ఇంకో బిళ్ల పెట్టి దెబ్బ వేస్తాడు. అప్పుడు కొత్త బిళ్లకి ఒక పక్క మామూలు బొమ్మ, రెండో పక్క అదే బొమ్మ లోపలికి గుంటలా, కుడి ఎడమలు మారి పడుతుంది, అద్దంలో చూసినట్టు. అలాంటి నాణెం చేతిలో పట్టుకుంటే ఆ రెండు దెబ్బల మధ్య క్షణం తెలుస్తుంది, పని తొందర తెలుస్తుంది.

కొనేటప్పుడు చూడాల్సిన వాటిలో మొదటిది బరువు. బంగారం కొట్లో ఉండే చిన్న కాటా చాలు. తొలి చక్రవర్తుల దేనారం నాలుగు గ్రాములకి దగ్గరలో ఉండాలి, బాగా అరిగితే మూడున్నర. మూడుకి దిగువన ఉంటే లోపల రాగి ఉందేమో అంచు చూడాలి. పోతపోసిన నకిలీ అయితే అక్షరాల అంచులు సబ్బుబిళ్ల మీద అక్షరాల్లా మెత్తగా ఉంటాయి, సన్నటి బుడగల గుంతలు ఉంటాయి. అన్నిటికంటే గట్టి పరీక్ష ఇందాక చెప్పుకున్న తేడాల నుంచే వస్తుంది. ఒకే అచ్చు నుంచి వచ్చిన రెండు నాణేలకి కూడా బిళ్ల ఆకారం, అంచు పగులు, దెబ్బ పక్కకి పడిన తీరు ఒకేలా ఉండవు. రెండు నాణేలు పగుళ్లతో సహా అచ్చుగుద్దినట్టు ఉంటే కనీసం ఒకటి నకిలీ, చాలాసార్లు రెండూ. నకిలీల చరిత్రలో పెద్ద పేరు జర్మనీకి చెందిన కార్ల్ బెకర్‌ది, 1772లో పుట్టి 1830లో చనిపోయాడు. అచ్చులు స్వయంగా చెక్కి నాణేలు కొట్టేవాడు, కొత్త మెరుపు పోవడానికి వాటిని ఇనుప రజను ఉన్న పెట్టెలో వేసి గుర్రబ్బండికి కట్టి ఊరంతా తిప్పేవాడని చెబుతారు.

కొన్నాక తోమకండి. చింతపండు, విబూది, వెండి సామాను తోమే పొడి ఏదీ వద్దు. ఆ నలుపు మురికి కాదు, వెండి మీద శతాబ్దాలుగా పేరుకున్న పొర, అది పోతే నాణెం విలువా పోతుంది, బుల్లి గుర్తులూ అరిగిపోతాయి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో కూడా ఎక్కువకాలం ఉంచకూడదు, అందులోంచి జిగురు కారి నాణేనికి అంటుకుంటుంది. పుట్టుపూర్వోత్తరాలు చెప్పే కాగితం అడిగి తీసుకోవాలి. 2020లో బ్రూటస్ బాకుల నాణెం బంగారంలో ఉన్నది ఒకటి లండన్ వేలంలో 30 లక్షల పౌండ్లు దాటి పోయింది. దాని పాత యజమానుల చరిత్ర కల్పించిందని తేలి 2023లో గ్రీస్‌కి తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది. మన దేశంలో వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు, దాన్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు, వ్యాపారం చేసేవాళ్లకి లైసెన్స్ ఉండాలి.

పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో కుండ బయటపడితే సంగతి వేరు. లంకెబిందె దొరికిందని రాత్రికి రాత్రే పంచుకుని కంసాలి దగ్గర కరిగించేస్తే పోయేది వెండి ఒక్కటే కాదు. కుండలో ఏ నమూనా ఎన్ని ఉన్నాయి, గరిటె ఎడమ పక్క ఉన్నవి ఎక్కువ అరిగాయా, కుడి పక్క ఉన్నవా, నగిషీ కాళ్ల కుర్చీవి ఎన్ని, అన్నిటికంటే కొత్త నాణెం ఏది, నకళ్లు ఎన్ని అన్న లెక్కల నుంచే ఏ నమూనా ఏ నమూనా తర్వాత వచ్చిందో, అవి మన ఊళ్లకి ఎప్పుడు చేరాయో తేల్చగలిగారు. పది నాణేలు తీసి పక్కన పెట్టినా ఆ లెక్క చెడిపోతుంది. 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలపాలి. కుండని కడగకుండా, పెంకులతో సహా, నాణేలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే అలాగే ఉంచి అప్పజెప్పాలి.